ప్రసాధనవిద్యకు పరీక్ష



నల్లగొండకు సమీపమున నున్న మా పానగల్లునకు మీలో పెక్కుమంది యెప్పుడో యొకప్పుడు వచ్చియే యుందురు. కందూరు చోడులకు రాజధానియైన యూరది. వచ్చినవారు ఛాయా సోమేశ్వరాలయమున గర్భగృహమందు కదలక నిలిచియుండు నీడను చూచి వింతపడుదురు. పచ్చల సోమేశ్వరాలయపు స్తంభములపై భారత రామాయణ ఘట్టములను గుర్తించి పిల్లలకు చూపుదురు. కాని దాదాపు తొమ్మిదివందల యేండ్ల క్రిందట చెక్కిన యా నర్తకీమూర్తుల కొప్పులను నిలిచి చూచువారు తక్కువ. శిల్పి తాను చూడని దానిని అంత నిశ్చయముగా చెక్కజాలడు. అట్టి కొప్పులు ముడువగల చేతులు ఆ కాలమున నీ ప్రాంతమున నుండియుండవలెను. గుడి కట్టించిన రాజులను తలచుచున్నాము; కొప్పు ముడిచినవారిని తలచు నాచారము మనకు లేదు.

ఆ విద్య యిప్పుడు పరీక్షకు వచ్చినది. పదవతరగతి ముగించిన బాలబాలికలు ‘కాస్మటాలజీ’ యను పాఠ్యక్రమమున చేరి, పుస్తకములు ముందిడుకొని, ప్రశ్నలకు సమాధానములు వల్లించుచున్నారు. ఇది విని మా యూరి పెద్దయొకరు, ‘తల దువ్వుటకు కూడ పరీక్షయా?’ యని నవ్విరి. ఆ నవ్వునకు సమాధానముగా నాకు తోచిన దొక్కటియే: పరీక్ష యనునది యీ విద్యకు క్రొత్తది కాదు. ఆ పరీక్షకు ఎవరు కూర్చుండవచ్చునను విషయమే క్రొత్తది.

వాత్స్యాయనుడు లెక్కించిన 64 కళలలో గీతనృత్యముల సరసనే నుదుట పత్రభంగములు తీర్చుట, దేహమునకు వన్నెలు దిద్దుట, తలలో పూదండలు కూర్చుట, గంధయుక్తి, కేశమర్దనము మున్నగునవి చేరియున్నవి. వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి వేరుగ నొక యధ్యాయమే వ్రాసి, నెరసిన వెండ్రుకలకు వన్నె తెచ్చు విధమును చెప్పెను. అరికెలబియ్యమును పులిసిన ద్రవమున, ఇనుపపాత్రలో, ఇనుపపొడితో కలిపి వండి తలకు పట్టించవలెనట. గ్రహగతులు గణించిన పండితుడు నరసిన తలను గూర్చి వ్రాయుటకు సిగ్గుపడలేదు. మనమేల సిగ్గుపడవలెను?

విరాటపర్వము మీకు కరతలామలకము గదా. సైరంధ్రీవేషమున ద్రౌపది సుదేష్ణ నగరికి వచ్చినప్పుడు, తాను కురులు తీర్పగలననియు, మైపూతలు నూరగలననియు, చిత్రముగా దండలు గ్రుచ్చగలననియు చెప్పుకొనెను. పూర్వము సత్యభామకడను ద్రౌపదికడను పనిచేసితినని తన యనుభవమును విన్నవించెను. నేటి యుద్యోగార్థి చేయునదియు నింతియే. అంతటితో నాగక యామె రెండు నియమములు కూడ పెట్టెను: ఎంగిలి పెట్టరాదు, పాదములు కడిగింపరాదు. విద్య తెలిసిన చేయి తన మర్యాదను తానే నిర్ణయించుకొన్న ఘట్టమిది. ఈ రెండవ నియమమును జ్ఞప్తియందుంచుకొనుడు. దీనితో ముందు పనియున్నది.

అర్థశాస్త్రమున కౌటిల్యుడు రాజరక్షణమును గూర్చి చెప్పుచు, క్షురకర్మ చేయు కల్పకులును అలంకారము చేయు ప్రసాధకులును స్నానము చేసి, శుభ్రమైన వస్త్రములతో శుభ్రమైన చేతులతో, అంతఃపురాధికారి చేతినుండి ముద్రవేసిన పనిముట్లను గ్రహించి పరిచర్య చేయవలెనని విధించెను. స్నానచూర్ణములు, మైపూతలు మొదట తమ రొమ్ముపైనను బాహువులపైనను పూసికొని చూపవలెనట. విషప్రయోగభయముచేత కలిగిన నియమమే యగుగాక, దానిలోని వివేకము గమనింపదగినది. నేడు జుట్టురంగు పొట్లముపై, ముందుగా చెవివెనుకనో ముంజేతి లోపలిప్రక్కనో కొంచెము పూసి పరీక్షించి చూడవలెనను హెచ్చరిక స్థానికభాషలందును ముద్రింపవలెనని మన ప్రభుత్వనియమము. ముద్రవేసిన పనిముట్టునకు బదులు నేడు కాగితము విప్పని క్రొత్త బ్లేడు వచ్చినది. రెండువేల యేండ్లనాటి సూత్రమును నేటి పరీక్షాపత్రమును ప్రక్కప్రక్కన బెట్టినచో, ప్రశ్న యొక్కటియే: నీవు ముట్టినవానికి నీవలన హాని కలుగకుండ నేమి చేసితివి?

ఇక నభ్యాసవిధము. సుశ్రుతుడు శస్త్రవిద్య నేర్చు శిష్యుడు మనుష్యదేహమును ముట్టకముందు గుమ్మడి, సొర, దోస మొదలైన కాయలపై కోతలు నేర్వవలెననియు, రోమములున్న తోలుపై గీతలు పెట్టవలెననియు, బట్టతోనో మరి దేనితోనో చేసిన బొమ్మమనుష్యునికి కట్లు కట్టుట యభ్యసింపవలెననియు చెప్పెను. ఎంత చదివినవాడైనను చేతి యభ్యాసము లేనివాడు పనికి రాడని యాయన తీర్పు. నేటి శిక్షణాలయములలో పిల్లలముందు నిలిపియుంచు తలబొమ్మను చూచినప్పుడెల్ల నాకు సుశ్రుతుని యా బొమ్మమనుష్యుడే జ్ఞప్తికి వచ్చును.

మరియొక పరీక్ష కలదు. అది జరిగినది రాజగృహమున, బుద్ధనిర్యాణానంతరము. ఉపాలి శాక్యరాజకుమారులకు క్షురకుడు. ఆ కుమారులు సంఘమున చేరబోవుచు, తమ యభిమానము నణచుకొనుటకై, తమకంటె ముందు ఉపాలికే దీక్షయిమ్మని బుద్ధుని వేడిరి. ముందు దీక్షగొన్నవానికి వెనుకవారు నమస్కరింపవలసినదే గదా. ప్రథమసంగీతియందు ఐదువందలమంది భిక్షువుల సమక్షమున మహాకాశ్యపుడు వినయనియమములను గూర్చి ఒక్కొక్కటిగా, ఎక్కడ విధింపబడినది, ఎవరిని గూర్చి, యే సందర్భమున, అని ప్రశ్నింపగా, తొట్రుపాటు లేక సమాధానములు చెప్పినవాడు ఆ ఉపాలియే. మన సూర్యాపేట ప్రాంతమున ఫణిగిరి కొండపై బౌద్ధారామపు శిథిలములు చూచినవారు, అచ్చటి భిక్షువులు పాటించిన నియమములకు ఒకనాటి క్షురకుని జ్ఞాపకశక్తి యాధారమని తలచుకొనవచ్చును.

ఇవి శాస్త్రములలోని మాటలు. గ్రామములలోని మాట వేరు.

మన పల్లెలలో నీ వృత్తి యాయగాండ్ర వృత్తులలో నొకటి. పంట నూర్చినప్పుడు కళ్లమున కొలిచిన గింజలే కూలి. పుట్టువెండ్రుకలు తీయుట మొదలు పెండ్లిలో గోళ్లు తీయువరకును, చావునాటి క్షౌరమువరకును ఆ యింటివారు లేక యే కార్యమును సాగెడిది కాదు. సన్నాయియు డోలును వారి చేతివే. గడ్డ లేచిన కోసి కట్టుకట్టినదియు వారే. ఆ యింటి స్త్రీలే మంత్రసానులై పల్లెబిడ్డలను ఈ లోకమునకు తెచ్చిరి. లండను నగరమున క్షురకులును శస్త్రవైద్యులును 1540లో ఒకే సంఘముగా కూర్పబడి 1745 వరకు కలిసియుండిరి. మనకట్టి సంఘపత్రములు లేవు గాని పొది యొక్కటియే: అదే పొదినుండి మంగలకత్తియు కురుపు కోయు కత్తియు వచ్చెడివి. తండ్రి గురువు, వీథియరుగు పాఠశాల. తల వంచి కూర్చుండిన యూరివారే పరీక్షకులు; గాటు పడినచో తీర్పు తక్షణమే వెలువడెడిది.

ఆ విద్యకు గౌరవము మాత్రము గింజలంత నిశ్చయముగా దొరకలేదు. నిజాము రాజ్యమున వెట్టిచాకిరి ప్రబలియున్న దినములలో గడీలకు పోయి క్షౌరము చేయుటయే గాక, రాత్రివేళ దొరల కాళ్లు పిసుకుటయు వీరికి విధియయ్యెను. సైరంధ్రి పెట్టిన రెండవ నియమము జ్ఞప్తికి తెచ్చుకొనుడని మునుపు చెప్పితిని. అడవిపాలై దాస్యమునకు వచ్చిన యామె యడుగగలిగిన మాటను మన యూరి విద్యావంతుడు అడుగలేకపోయెను. విజయనగరమున అళియ రామరాజునకు క్షురకుడైన కొండోజు, సదాశివరాయల కాలమున, తనవారిపై పన్నులు తీసివేయించినట్లు 16వ శతాబ్దిశాసనములు చెప్పుచున్నవి. ప్రభువు చెంప చేతిలోనున్నప్పుడు మన్ననలు దొరకుట వింతగాదు. తన కొరకు గాక వృత్తివారందరికొరకు అడిగినాడే, అది గొప్ప. మన యెడ నట్టి కొండోజు లేకపోయినను, 1930లో జోగిపేటలో మొదటి సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ వెట్టిని ఖండించినది. 1946 మొదలు 1951 వరకు సాగిన సాయుధపోరాటమున మన నల్లగొండయే నడిబొడ్డు.

మరియొక చేదుమాటయు చెప్పక తప్పదు. వెట్టికి లోబడిన యీ కత్తియే, ఊరి కట్టుబాటునకు లోబడి, దళితుల తలను ముట్టక వారిని దూరముగ నుంచినది. తప్పు ఒక్క యింటిది కాదు. ముట్టినచో తమ తలలు వంచమని బెదరించిన మిగిలిన యూరిది. 1950 జనవరి 26 నాడు అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను, 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1955నాటి చట్టము అస్పృశ్యతపేర సేవ నిరాకరించుటను శిక్షార్హము చేసెను. ఇక 19వ అధికరణము పౌరులందరికిని ఏ వృత్తినైనను చేపట్టు హక్కునిచ్చి, వెంటనే, ఆ వృత్తికి కావలసిన యోగ్యతలను చట్టముచే నిర్ణయించు నధికారమును రాజ్యమునకిచ్చెను. పుట్టుక అడ్డు రారాదు, యోగ్యత అడుగవచ్చును. నేటి పరీక్ష పుట్టినది ఈ రెండు వాక్యముల నడుమనే.

శిల్పకారుల శిక్షణకై కేంద్రప్రభుత్వము 1950లో ఒక పథకమును ప్రారంభించెను. 1956లో వృత్తిశిక్షణకు జాతీయమండలి యేర్పడెను. ఐ.టి.ఐ. యని మనము పిలుచు శిక్షణాలయములలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను పనులతోబాటు కేశచర్మసంరక్షణయు చేరినది. దానికే యిప్పుడు కాస్మటాలజీ యని పేరు. ఒక సంవత్సరపు చదువు. తుదిని వ్రాతపరీక్ష కంప్యూటరుపై, పనిపరీక్ష చేతితో. ఉత్తీర్ణులకు జాతీయ ధ్రువపత్రము. ఈ పత్రము లేనివారు సెలూను నడపరాదను చట్టము మన దేశమున లేదు. పత్రము కలవారికి కొలువును బ్యాంకుఋణమును కొంత సులభమగును, అంతియే.

చదువవలసినదేమి? మీ మనుమలు, మనుమరాండ్రు చదువుచున్నచో ఆ పుస్తకమునొకసారి తిరుగవేయుడు. చర్మపు పొరలు, వెండ్రుక పెరుగు మూడు దశలు, నెలకు రమారమి సెంటీమీటరు చొప్పున తలవెండ్రుక పెరుగుట, దినమునకు నూరు వరకు రాలినను భయపడ నవసరము లేకుండుట, ఇట్టివి తొలి పాఠములు. అటుపిమ్మట శుభ్రత. ఈ భాగమునందే పిల్లలు తరచుగా మార్కులు పోగొట్టుకొందురు, మరియు లోకమునకు ముఖ్యమైనదియు నిదియే. పనిముట్టును ముందు సబ్బునీట కడిగి మురికి పోగొట్టవలెను. తరువాతనే క్రిమిసంహారిణిలో నుంచవలెను. క్రమము మార్చినచో మురికిచాటున క్రిమి బ్రదుకును. కామెర్లు తెచ్చు హెపటైటిస్‌-బి క్రిమి యెండిన రక్తమున ఏడు దినములైనను చావక యుండగలదు. ఒకరి చెంపను గీసిన బ్లేడు మరియొకరి చెంపను గీయరాదనుటకు కారణమిది. మన తాతలు ఒకే కత్తిని తోలుపట్టెపై నూరి యూరంతటికిని వాడినది నిజమే. దానివలన నెవరి కేమి సోకినదో లెక్కపెట్టినవారు లేరు. తరువాత జుట్టురంగులలోని పారాఫినైలీన్ డయమిన్ అను పదార్థము, దానివలన కొందరికి కలుగు దద్దురు, వాపు. కౌటిల్యుని ముంజేయి యిక్కడ మరల వచ్చును.

నేను నలువది యేండ్లకు దగ్గరగా పరీక్షాపత్రములు దిద్దినవాడను గనుక, ఈ చదువును గూర్చి ఒక మాట చెప్పు చనువు తీసికొందును. నా పూర్వశిష్యులిద్దరు కలిసి యీ పరీక్షకు చదివిరి. ఒకడు నాయీబ్రాహ్మణుల యింటి బాలుడు. రెండవది సాలెవారి యింటి బాలిక. వానికి చేయి తిరుగును గాని కలము తిరుగదు. ఆమెకు పుస్తకము కంఠస్థము, కత్తెర పట్టిన వ్రేళ్లు వణకును. సాయంకాలములందు నాయొద్దకు వచ్చి యాంగ్లపదములకు అర్థమడిగెడివారు. బాహ్యచర్మము, అంతశ్చర్మము, స్వేదగ్రంథి అని చెప్పగా, అర్థము తెలిసిన పిదప ఆంగ్లనామము సులభముగా నిలిచినది. పండితులు ఆవృత్తి యని పిలుచు పద్ధతినే నేను విధించితిని: నిన్నటి పాఠమును నేడు ఒకరు మరియొకరికి బిగ్గరగా చెప్పవలెను, చెప్పుచు తలబొమ్మపై చేసి చూపవలెను, గడియారము ముందుండవలెను.

దీనికి బాలుని తండ్రి సమ్మతింపలేదు. ‘సారూ, గిది మా తాతల పొది. ఊరందరికి నేర్పితె రేపు మా పోరలేం తింటరు?’ అని నన్నడిగెను. ఆ మాటలో న్యాయమున్నది. తరతరములుగా నీచముగ పిలిపించుకొనుచు విద్యను కాపాడినవారు వీరు. లాభము కానవచ్చినంతనే అద్దములు, చల్లని గదులు, పెట్టుబడులతో ఇతరులు ప్రవేశించిరి. పట్టణపు సెలూనుయొక్క యజమాని వేరు, కత్తెర పట్టినవాడు ఆ యింటివాడే. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిల్ నుండి నాయీబ్రాహ్మణుల సెలూనులకును రజకుల లాండ్రీలకును నెలకు 250 యూనిట్ల వరకు ఉచితవిద్యుత్తు నిచ్చునట్లు నిర్ణయించినది ఇట్టి యిబ్బంది గమనించియే. నేనాయనతో వాదింపలేదు. ఆ బాలికకు మీ పిల్లవాడు చేతిపని నేర్పుచున్నాడు, మీ పిల్లవానికి ఆమె వ్రాత నేర్పుచున్నది, లెక్క సరిపోయినది గదా యంటిని. ఆయన తల పంకించి ఊరకుండెను. మరుసటివారము తానే వచ్చి, బాలిక కత్తెర పట్టిన తీరు చూచి, బొటనవ్రేలు ఎక్కడ నుండవలెనో దిద్ది పోయెను. ఆ పాఠము పుస్తకమున లేదు.

పరీక్ష యతిశయించినప్పుడు ఏమగునో అమెరికా చరిత్రము చెప్పును. అచ్చట 1897లో మిన్నెసోటా రాష్ట్రము క్షురకులకు లైసెన్సు విధించెను; క్రమముగా తక్కిన రాష్ట్రములును ఆ దారి పట్టెను. అచ్చట లైసెన్సు లేనిదే యీ పని చేయుట నేరము. మన దేశమునుండి పోయిన స్త్రీలు పెక్కుమంది దారముతో కనుబొమలు తీర్చుపని చేయుచుందురు. నూలుదారము, రెండు చేతులు, ఒక పండ్లపట్టు. మందు లేదు, కత్తి లేదు. మన తెలుగువారు విస్తారముగా స్థిరపడిన టెక్సాసులో, అధికారులు వీరికిని 750 గంటల శిక్షణయు, వ్రాతపరీక్షయు, పనిపరీక్షయు కావలెననిరి. ఆ గంటలలో దారపుపనిని గూర్చి చెప్పునది స్వల్పము. 2009లో కొందరు వ్యాజ్యము వేసిరి. ఆరేండ్లు నడచిన పిమ్మట 2015 జూన్ 26న ఆ రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థానము, 750 గంటలలో 320 వరకు ఆ పనితో సంబంధము లేనివని యెంచి, ఆ నిర్బంధము చెల్లదని తీర్పు చెప్పెను. తీర్పు ఏకగ్రీవము కాదు, ఆరుగురొకవైపు, ముగ్గురొకవైపు. కాలిఫోర్నియా రాష్ట్రమును 2022 నుండి ప్రసాధనవిద్యకు 1600 గంటలను 1000కి తగ్గించి, పనిపరీక్షను తీసివేసెను. గంటలు తగ్గించుట బాగే. పనిపరీక్షనే తీసివేయుట మాత్రము నా మనసునకు పట్టలేదు, సుశ్రుతునికిని పట్టియుండదు.

టెక్సాసు తీర్పు వెలువడిన మూడు వారములలోనే, 2015 జూలై 15న, మన దేశమున ప్రధానమంత్రి కౌశల్‌ వికాస్‌ యోజన ప్రారంభమయ్యెను. దానిలో, పూర్వమే పని నేర్చినవారి నేర్పును గుర్తించు విభాగమొకటి కలదు. దీర్ఘమైన చదువు లేకయే, కొలది యుపదేశముతో, నేర్పును పరీక్షించి పత్రమిచ్చుట దాని యుద్దేశము. అరుగుపై తండ్రివద్ద నేర్చినవానికి బడి మెట్లు ఎక్కకయే యోగ్యతాపత్రము దొరకు మార్గమిది. ఆ తండ్రికి నేనీ సంగతి చెప్పితిని. ‘పరీక్ష పెట్టెటోళ్లకు కత్తెర పట్టుడు వస్తదా?’ యని యాయన యడిగెను. పరీక్షకులలో నేర్పరులుందురని చెప్పితిని. ‘అట్లయితే వస్త’ ననెను.